ఉప్పునీళ్లు తాగిన స్లాబు

ఎల్లన్న సుత్తె ఎత్తి పైకప్పు మీద మరో దెబ్బ వేశాడు. డొబ్బుమని బోలు శబ్దం వచ్చింది. అరచేతంత సిమెంటు పెచ్చు ఊడి బల్ల మీద పడి, అక్కణ్ణుంచి దొర్లి అతని భార్య పార్వతమ్మ కాళ్ల దగ్గర ఆగింది.

"ఇన్నవా లింగన్నా? ఈడ డొల్ల. ఆడ డొల్ల. ఇల్లు మొత్తం డొల్ల చేసి పెట్టిండు నా దోస్తు."

ఆ దోస్తు గడప అవతలే నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, అతనూ రాలేదు. యేసయ్యది స్లాబుకు ఇనుప సలాక వంచి కట్టే పని. ఎల్లన్నది స్లాబు పోసే పని. ఏళ్ల తరబడి ఇద్దరూ పుణెలో ఒకే రేకుల షెడ్డులో పడుకుని, ఒకే గిన్నెలో వండుకుని తిన్నారు. అయిదు రోజుల కిందటి దాకా అమరచింతలో ఎవరింట్లో స్లాబు పోసినా ఇద్దరూ కలిసే కనిపించేవారు. ఇప్పుడు ఒకడు బల్ల ఎక్కి కొడుతున్నాడు, ఇంకొకడు దొంగతనం చేసి దొరికినవాడిలా వాకిట్లో నిలబడ్డాడు.

అయిదు రోజుల కింద ఈ గదిలోనే ఎల్లన్న కూతురు సుప్రియ బిడ్డకు తొట్టెల వేశారు. కప్పుకు ఉన్న కొండికి తాళ్లు కట్టి, తొట్టెలకు పూలు చుట్టి, పాటలు మొదలుపెట్టారు. వియ్యపురాలు కిష్టమ్మ పసిదాన్ని చేతుల్లోకి తీసుకుని వంగబోయేంతలో కొండి ఊడింది. దానితోపాటు చేటంత కప్పు కిందికి వచ్చింది. పసిదానికి దుమ్ము తప్ప ఏమీ అంటలేదు గానీ, సుప్రియ కుడికాలి వేళ్లు రెండు నలిగాయి. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన చుట్టాలు విస్తళ్ల ముందు కూడా కూర్చోకుండా, తల్లినీ బిడ్డనూ ఎక్కించుకుని, తాము వచ్చిన జీపులోనే వెళ్లిపోయారు.

వెళ్తూ వెళ్తూ కిష్టమ్మ గడప దగ్గర ఆగి ఒక మాట అంది.

"ఇది ఎవల తప్పో తేలనియ్యి వదినె. అది తేలెదాంక నా మనుమరాలు ఈ గడప తొక్కది. నీ బిడ్డ గుడ తొక్కది."

అందరూ వినేలా ఎల్లన్న అప్పుడే జవాబిచ్చాడు. "తేలెటిదేముంది? సలాక కట్టినోడు మోసం జేసిండు."

ఆ ఒక్క మాట చాలింది. మర్నాటికల్లా రెండిళ్లవాళ్లు యేసయ్యను పనికి రావద్దన్నారు. మూడో ఇల్లు లింగయ్యది. శుక్రవారం అతని ఇంటి స్లాబు. ఆ వాడలో లింగయ్య ఎవరిని పనికి పెట్టుకుంటే మిగిలినవాళ్లూ వాళ్లనే పెట్టుకుంటారు. అందుకే కప్పు పగలగొట్టి చూపిస్తానని ఎల్లన్న అతన్ని పొద్దున్నే పిలుచుకొచ్చాడు. వచ్చి చూసుకొమ్మని యేసయ్యకూ కబురు పెట్టాడు.

పార్వతమ్మ వంటింటి ద్వారబంధం పట్టుకుని నిలబడింది. ఆ కప్పు ఎందుకు రాలుతోందో ఆమెకు తెలుసు. తెలిసి ఆరేళ్లయింది. ఆరేళ్లుగా ఆ మాట గొంతు దాటలేదు.

ఈ ఇంటి స్లాబు పోసింది పన్నెండేళ్ల కింద, మే నెలలో. పుణె నుంచి మనుషులు ఇంటికొచ్చేది ఆ నెలలోనే కాబట్టి ఈ ప్రాంతంలో సగం స్లాబులు ఆ నెలలోనే పోస్తారు. నెత్తిన నిప్పులు కురిసే ఎండ, బోర్లలో చుక్క ఉండదు. స్లాబు పడ్డ నాలుగో రోజు పుణె నుంచి ఎల్లన్నకు పిలుపొచ్చింది. సంచి సర్దుకుంటూ ఒక్క మాట చెప్పాడు. "ఇర్వై ఒక్క దినాలు స్లాబుకు నీళ్లు పట్టు. తడి ఆరనియ్యకు. ఆరిందంటే నా పేరు ఖరాబైతది." నీళ్లు ఎక్కడివని అతను అడగలేదు. అడిగే తీరిక ఆమె ఇవ్వలేదు కూడా, బస్సు దాటిపోతుందని తొందరపెట్టింది.

వాడకు నల్లా నాలుగు రోజులకోసారి వచ్చేది. నాలుగు బిందెలు దొరికితే అవి తాగడానికీ, పప్పు ఉడకడానికీ. స్లాబు మీద మట్టితో వరిమళ్లలా గట్లు కట్టి పోయాడు ఎల్లన్న. ఆ మళ్లు నిండాలంటే యాభై బిందెలు. ఊరవతల ఉప్పుబావి ఒక్కటే ఎండలేదు. ఆ నీళ్లు గొడ్లు కూడా మూతి పెట్టవు. పార్వతమ్మ ఆ నీళ్లే మోసింది. పదేళ్ల సుప్రియను నిచ్చెన పట్టుకొమ్మని, ఒక్కో బిందె నెత్తిన పెట్టుకుని ఎక్కింది. ఎండకు నీళ్లు ఇగిరిపోయి గట్ల వెంబడి తెల్లగా పొర తేలితే, సిమెంటు పాలేమో అనుకుంది.

ఆరేళ్ల కింద ఎల్లన్న పుణె మానేసి ఇక్కడే స్లాబు పనులు పట్టుకున్నప్పుడు, ఎవరికో ఫోన్లో చెప్తుంటే విన్నది. "ఉప్పునీళ్లు మాత్రం పట్టకుర్రి. ఉప్పు లోపటికి దిగి సలాకను తింటది. పదేండ్లకు కప్పు రాలి నెత్తిన పడ్తది." ఆ రోజు ఆమె చేతిలో జల్లెడ పట్టుకుని ఎంతసేపు అలాగే కూర్చుందో ఆమెకే తెలియదు. అప్పటికే గది నడుమ ఎర్రటి మరకలు తేలాయి. మరక కనిపిస్తే ఎల్లన్న సున్నం కొట్టేవాడు, పగులు కనిపిస్తే సిమెంటు పూసేవాడు. ఊరందరి ఇళ్లకు మందు చెప్పే మనిషి సొంత ఇంటి కప్పు ఒక్కసారి పగలగొట్టి చూడలేదు. ఎందుకు చూడలేదో ఆమె ఏనాడూ అడగలేదు. అడిగితే తన సంగతి బయటపడుతుందని భయం.

"సప్పుడు ఇన్నది సాలు ఎల్లన్నా" అన్నాడు లింగయ్య, భుజం మీది దుమ్ము దులుపుకుంటూ. "సలాక తక్కువ కట్టిండంటివి గదా. లెక్క చూపియ్యి."

ఎల్లన్న ఉలి పెట్టి కొట్టాడు. మూరెడు వెడల్పున కప్పు ఊడి పడింది. లోపలి నుంచి సలాకలు బయటపడ్డాయి. చూస్తే ఇనుమని చెప్పలేం, ఎర్రగా పొరలు పొరలుగా లేచిపోయి ఉన్నాయి. సలాకకూ సలాకకూ మధ్య ఎల్లన్న టేపు పెట్టి ఒక దగ్గర కొలిచాడు. ఇంకో దగ్గర కొలిచాడు. మూడోసారి కొలిచి టేపు మూసేశాడు.

"ఎంతున్నది?" అన్నాడు లింగయ్య.

ఎల్లన్న సలాక మీది తుప్పును గోటితో గీరాడు.

"ఆరించులు" అని వాకిట్లోంచి యేసయ్య చెప్పాడు. "యాడ కొలిచినా ఆరించులే ఉంటది. నాకు చూడకుండనే ఎర్క."

"ఆరించులే" అన్నాడు ఎల్లన్న. "దూరం సక్కగనే పెట్టిండు. కని సన్నసలాక కట్టిండు. ఇగో, సూడు లింగన్నా, దారమోలె ఉన్నది. నేను తెప్పించిన లావు సలాక ఏమైంది? ఆ ఏడే ఈయన ఇంటి ముందర నాలుగు పిల్లర్లు లేసినయ్. ఆ ఇనుము యాడికెల్లి వచ్చింది?"

యేసయ్య ముఖం నల్లబడింది. నిన్న సాయంత్రం అతని భార్య జంగమ్మ ఈ వాకిట్లోకే వచ్చి ఏడ్చి పోయింది. ప్రార్థన దగ్గర ఆమె పక్కన కూర్చోవడానికి కూడా జనం వెనకాడుతున్నారట. "నా పిలగాండ్లను దొంగ కొడుకులంటున్నరు అక్కా. నువ్వన్న చెప్పు మా బావకు" అని చేతులు పట్టుకుంది. పార్వతమ్మ ఆ చేతులు విడిపించుకుని, పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్లిపోయింది. పొయ్యి మీద పాలు లేవు.

యేసయ్య చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఎల్లన్న చేతిలోంచి ఉలి, సుత్తె తీసుకున్నాడు. బల్లను ఈడ్చి, తర్వాత కట్టిన మెట్ల పక్కనున్న మూలకు జరిపాడు. అక్కడ స్లాబు కొంచెం ఎత్తు, ఆ కాలంలో కట్టిన మళ్లు అక్కడి దాకా రాలేదు. నాలుగు దెబ్బలకు కూడా ఆ మూల పెచ్చు ఊడలేదు. పదో దెబ్బకు ఊడింది. లోపల సలాక నల్లగా, నిండుగా, కట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"చెయ్యి పెట్టి చూడు పెద్దన్నా" అన్నాడు లింగయ్యతో. "గదే సలాక. ఈ మూలకెల్లి ఆ మూలకు ఒక్కటే సలాక. ఈడ లావు, ఆడ సన్నం ఎట్ల కడ్త?"

లింగయ్య బల్ల ఎక్కి వేలితో తడిమి చూశాడు. గది నడుమ వేలాడుతున్న ఎర్రటి సలాకను కూడా చూశాడు. అది ఇదేనని అర్థమైంది.

"మరి ఆడెందుకు గట్లయింది?"

యేసయ్య ఎల్లన్న వంక చూశాడు, కప్పు వంక చూశాడు, కింద పడ్డ పెచ్చుల వంక చూశాడు. పార్వతమ్మ వంక మాత్రం చూడలేదు. ఎంత జాగ్రత్తగా చూడకుండా ఉన్నాడో ఆమె గమనించింది. ఈయనకు తెలుసు.

"చెప్పు. నోరు పడిపోయిందా?" అన్నాడు ఎల్లన్న. గొంతు పెంచాడు గానీ అందులో మునుపటి బలం లేదు. "చెప్పలేడు లింగన్నా. దొరికిండు గద. మూలకొకటి, నడుమొకటి అతుకేసి కట్టిండు. గిట్లాంటోణ్ణి నీ ఇంటి కప్పు మీదికి ఎక్కించుకుంటవా?"

"అన్నా, ఇంగ ఆపు" అన్నాడు యేసయ్య మెల్లగా.

"ఏం ఆపుడు? నా మనుమరాలి పానం తీస్తుంటివి!"

"ఆపు" అంది పార్వతమ్మ.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. వంటింటి ద్వారబంధం వదిలి ఆమె గదిలోకి వచ్చింది. ఇప్పుడు చెప్తే సుప్రియ మళ్లీ ఈ ఇంటికి వస్తుందో రాదో తెలియదు. పసిదాన్ని ఇరవై రోజులు ఒళ్లో పెట్టుకుని నూనె రాసింది, ఇంకోసారి ఆ పిల్లను ముట్టుకోనిస్తారో లేదో కూడా తెలియదు. చెప్పకపోతే ఈ మనిషి, వీళ్ల ఇంట్లో ఇన్నేళ్లు సొంత మరిదిలా తిరిగిన మనిషి, దొంగగా మిగిలిపోతాడు.

"యేసయ్యది తప్పు లేదు. నేను జేసిన."

"నీకేం తెలుసే స్లాబు సంగతి? లోపటికి పో."

"నాకు తెల్వక ఇంకెవలకు తెలుస్తది? ఇర్వై ఒక్క దినాలు ఎక్కి దిగింది నేను. నువ్వు కాదు." ఆమె లింగయ్య వైపు తిరిగింది. "ఉప్పుబావి నీళ్లు పట్టిన అన్నా. నల్లా నీళ్లు తాగనీకె సాలకుండె. తడి ఆరనియ్యొద్దని చెప్పి పోయిండు. నాకు తెల్వకుండె, ఉప్పు సలాకను తింటదని. తెల్సినంక చెప్పనీకె భయమైంది. గిదే సంగతి."

పైనుంచి సన్నగా ఇసుక రాలింది.

ఎల్లన్న ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు. కొడతాడనుకుని ఆమె కళ్లు మూసుకుంది. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచి చూసేసరికి అతని ముఖంలో ఆమె ఊహించనిది కనిపించింది. కోపం కాదు. అయిదు రోజులుగా మోస్తున్న మూట ఎవరో దించినట్టు అతని భుజాలు తేలికపడ్డాయి.

"ఇన్నవా లింగన్నా?" అన్నాడు గట్టిగా. "నీ చెవులతోటి ఇన్నవు గద. నేను పోసిన పోతల ఇంత గుడ తప్పు లేదు. సిమెంటు తప్పలే, ఇసుక తప్పలే. నీళ్లు పట్టుమని ఆడిదానికి అప్పజెప్పి పోతే గీ పని జేసింది. నేనేం జేస్త? నాకేం తెలుస్తది?"

చెంప పగిలేలా కొట్టినా ఆమెకు అంత మంట పుట్టేది కాదు. తన భార్య ఎండలో నిచ్చెన ఎక్కి దిగిందన్న మాట అతని చెవికే ఎక్కలేదు. తన పేరు నిలబడిందన్నదొక్కటే ఎక్కింది.

యేసయ్య ఉలి కింద పడేశాడు.

"తెల్వదా అన్నా? నీకు తెల్వదా?"

"నువ్వు ఊకో."

"శానా దినాలు ఊకున్న. నన్ను దొంగ అన్ననాడు గుడ ఊకున్న. నోరిప్పితే వదినె మీదికి పోతదని ఊకున్న. నేను గట్లనే ఊకుంటనని తెల్సే నువ్వు నా మీద ఏసినవ్." యేసయ్య లింగయ్య వైపు తిరిగాడు. "స్లాబు పడ్డ వారం దినాలకు సలాక వంచే నా పలకలు తీస్కపోనీకె వచ్చిన పెద్దన్నా. పైకెక్కి చూస్తే తెల్లగ పొర. నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు. ఆ దినమే పుణెకు ఫోన్ జేసిన. అన్నా, ఉప్పునీళ్లు పడ్తున్నరు, మూడు దినాలే అయింది, ఇప్పుడన్న ఆపుదం, నేను ట్యాంకర్ మాట్లాడ్త అని చెప్పిన. ఏమన్నవ్ అన్నా? నువ్వే చెప్పు ఏమన్నవో."

ఎల్లన్న టేపు తెరిచి మూస్తున్నాడు. తెరిచి మూస్తున్నాడు.

"పచ్చిగుంటె సాలు, దానికి చెప్పకు అన్నడు. చెప్తే భయపడి మొత్తానికే నీళ్లు పట్టుడు ఆపుతది, నేనొచ్చినంక చూసుకుంట అన్నడు. వచ్చిండు. చూసిండా?" అన్నాడు యేసయ్య లింగయ్యతో.

పార్వతమ్మకు మొదట ఆ మాటలు అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకు ఆనుకుంది. మూడు రోజులకే ఎల్లన్నకు తెలుసు. ఆ తర్వాత పద్దెనిమిది రోజులు ఆమె మోసింది. మెడ పట్టేసి పక్కకు తిరగలేక సుప్రియ చేత మెడకు నూనె రుద్దించుకుంది. ఈ ఆరేళ్లలో ఒక మరక తేలిన ప్రతిసారీ ఆమె దొంగలా తల దించుకుంటే, పక్కనే నిలబడి సున్నం కొట్టిన మనిషికి అంతా తెలుసు.

"నిజమా?" అని అడిగింది.

"అప్పుడు సైటు మీద పోత నడుస్తుండె" అన్నాడు ఎల్లన్న. "ఇడిసిపెట్టి రానీకె ఉంటదా? అనుకున్ననా గిట్లయితదని?"

"తొట్టెల కట్టేటప్పుడు నువ్వే గద కొండి గుంజి చూసినవ్. గట్టిగున్నది, కట్టుర్రి అన్నవ్ గద."

అతను టేపును జేబులో వేసుకున్నాడు.

ఆమె యేసయ్యను చూసింది. "నువ్వు గుడ చెప్పలే."

"అన్న వద్దన్నడు వదినె."

అంతే. పన్నెండేళ్లు ఇద్దరు మగవాళ్లు ఒకరి మాట ఒకరు నిలబెట్టుకున్నారు. ఆమెకు చెప్పాలని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు.

లింగయ్య గొంతు సవరించుకున్నాడు. పెద్దమనిషి కదా, తెగేదాకా లాగడం అతనికి ఇష్టముండదు. ఎవరి నెత్తి మీద పెడితే తొందరగా తెములుతుందో చూసుకునే రకం.

"అయిందేదో అయింది. ఇప్పుడు ఎల్లన్న పేరు ఖరాబైతే వాడల పది స్లాబులు ఆగిపోతయ్. యేసయ్య దొంగ కాదని నా కండ్లతోటి చూసిన, నలుగుర్ల చెప్త. యేసయ్యా, శుక్రారం నీ మనుషులను తీస్కరా. ఫోన్ సంగతి మాత్రం ఈ గోడల మధ్యన్నే ఉండనియ్యి. బయట ఎవలన్న అడిగితే, ఆమె తెల్వక ఉప్పునీళ్లు పట్టిందని చెప్తం. ఆడోళ్ల పొరపాటు. ఎవ్వలేమనరు."

"ఎవ్వలేమనరా?" అంది పార్వతమ్మ. "కిష్టమ్మ వదినె ఏమనదా? మనుమరాలి తలకాయ మింద కప్పు తెచ్చి పెట్టింది అమ్మమ్మనే అంటే, ఆ పిల్లను మళ్ల నాకు చూపిస్తరా?"

"జర దినాలు పోతే సర్దుకుంటది చెల్లె."

"ఎవలకు సర్దుకుంటది?"

ఎల్లన్న అందుకున్నాడు. గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "లింగన్న చెప్పినట్ల వినే. నాకు పేరు పోతే ఇంట్ల పొయ్యి వెలుగుతదా? సుప్రియకు నేను చెప్పుకుంట తియ్."

అతను చెప్పుకుంటాడు. ఏం చెప్పుకుంటాడో ఆమెకు తెలుసు. ఆమె యేసయ్య వంక చూసింది. ఇంతకుముందు తన కోసం నోరు మూసుకున్న మనిషి. ఇప్పుడు తన కోసం నోరు తెరిచిన మనిషి. ఇంకొక్కసారి, ఇంకొక్క మాట.

యేసయ్య అరచేతికి అంటిన తుప్పును బొటనవేలితో రుద్దుకుంటున్నాడు.

"వదినె... ఇద్దరు పిలగాండ్లున్నరు" అన్నాడు తల ఎత్తకుండా. "జంగమ్మ నిన్నటిసంది అన్నం ముట్టలే."

పార్వతమ్మకు అతని మీద కోపం రాలేదు. నవ్వొచ్చింది, అదీ చేదుగా. కాసేపటి కింద ఎవరి కోసం తన బిడ్డనూ మనవరాలినీ పణంగా పెట్టిందో ఆ మనిషే ఇప్పుడు లింగయ్య మాటకు తల వంచాడు. అతన్ని అనడానికి ఏమీ లేదు. నిన్న జంగమ్మ చేతులు విడిపించుకుని పాలున్నాయని లోపలికి పోయింది తనే.

ఆమె ముగ్గురినీ దాటుకుని గడప అవతలికి వచ్చింది. వాకిట్లో ఎండ అప్పుడే ముదిరింది. వెనక్కి తిరిగి తలుపు దగ్గరగా లాగి, బయటి నుంచి గొళ్లెం పెట్టింది.

"ఏయ్, ఏం జేస్తున్నవే?" లోపల్నుంచి ఎల్లన్న అరిచాడు. "తలుపు తియ్!"

ఆమె కొంగులో ముడివేసిన ఫోన్ తీసి నంబరు నొక్కింది. మూడుసార్లు మోగాక అవతల ఎత్తారు.

"హలో, చెప్పు వదినె" అంది కిష్టమ్మ. వెనక పసిదాని ఏడుపు వినిపిస్తోంది. "తేలిందా?"

"తేలింది. ఫోన్ అందరు ఇనేటట్ల పెట్టు వదినె. సుప్రియను దగ్గరకి పిలువు."

లోపల తలుపు మీద దెబ్బలు పడుతున్నాయి. "పార్వతీ! నా మాటిను! పార్వతీ!" పెళ్లయి ఇన్నేళ్లలో అతను ఆమెను పేరు పెట్టి అంత బతిమాలుతూ పిలవడం ఇదే మొదలు. ఆమె గొళ్లెం మీద చెయ్యి వేసి పట్టుకుంది.

"అమ్మా?" అంది సుప్రియ అవతల్నుంచి. "ఏమైందే? ఎవలది ఆ సప్పుడు?"

"మీ నాయినది. పట్టించుకోకు. ముందుగాల నా తప్పు చెప్త బిడ్డా. తర్వాత మీ నాయినది చెప్త. రెండూ ఇన్నంకనే, నా దగ్గరికి వస్తవో రావో చెప్పు."